ఒట్టి జెండా

సోమవారం పొద్దున్నే నీళ్ళ లారీ మూలుగుతూ కొండెక్కుతుంటే హా లెత్లాత్సా అనే కొండ ఊళ్ళో ఆడవాళ్ళందరూ బకెట్లు పట్టుకుని బయటికి వచ్చేశారు. ఎవరూ కబురు చెయ్యలేదు. ఐదేళ్ళుగా నెత్తిన నీళ్ళు మోస్తున్నవాళ్ళకి నిండు లారీ చప్పుడు ఏదో, ఖాళీ లారీ చప్పుడు ఏదో ఒకరు చెప్పాలా?

లారీవాడు కొత్త కుళాయి వెనక దిమ్మె మీదున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో గొట్టం పెట్టి వెయ్యి లీటర్లు నింపాడు. గొట్టం చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా లారీ తిప్పుకుని పోయాడు. వెనకాలే వచ్చిన జీపులోంచి ఒక అమ్మాయి దిగి కుళాయి తిప్పి చూసింది. నీళ్ళు పడ్డాయి. కట్టేసి, దానికి చిన్న తాళం వేసింది. ముప్ఫై మంది బకెట్లు పట్టుకుని చూస్తుండగానే వేసింది.

"శుక్రవారం దాకా ఎవరూ ముట్టుకోకండమ్మా. ఇవి ప్రోగ్రాం నీళ్ళు," అంది.

ఆ అమ్మాయి పేరు లినేవో. డ్యామ్ ఆఫీసులో ఊళ్ళ జనంతో మాట్లాడే ఉద్యోగం. రాజధాని మసేరులో చదువుకుని వచ్చింది. మాట మెత్తన. పెద్దవాళ్ళని అమ్మా, ఆంటీ, నాయనా అని మర్యాదగానే పిలుస్తుంది. మెత్తగా చెప్పినంత మాత్రాన తాళం తాళం కాకుండా పోదు.

మాతుమెలో అనే ఆవిడ బకెట్ కింద పెట్టకుండా అలాగే నిలబడింది. నలభై ఐదేళ్ళ మనిషి, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆ బకెట్‌తో ఆమె రోజూ లోయలోకి గంటసేపు దిగుతుంది, గంటన్నర ఎక్కుతుంది. ఊరి ఊట ఉండేది, ఆమె గుడిసె వెనకాలే, రాళ్ళ సందున. కొండ కింద సొరంగం కోసం మందు పేల్చిన ఏడాది అది సన్నగిల్లింది, మరుసటి ఏడాది తడి కూడా లేకుండా పోయింది. గడపలో నిలబడితే కింద డ్యామ్ చెరువు నీలంగా, కొండల మధ్య ఇంత పొడవున కనిపిస్తుంది. దాని చుట్టూ కంచె ఉంది. ఆ నీళ్ళు సొరంగంలోంచి సరిహద్దు దాటి అవతలి దేశపు పెద్ద ఊళ్ళకి పోతాయి. అక్కడ వాటితో కార్లు కడుగుతారని, పచ్చిక తడుపుతారని అక్కడ పనిచేసొచ్చినవాళ్ళు చెబుతారు.

శుక్రవారం అతిథులొస్తున్నారని లినేవో వివరం చెప్పింది. రాజధాని నుంచి అధికారులు, అవతలి దేశం నుంచి నీళ్ళు కొనేవాళ్ళు. కుళాయి తిప్పుతారు. ఆ తర్వాత ఊరి పెద్ద లెత్లాత్సా, ఆయన వంశం పేరే ఊరిది, ఒక కాగితం మీద ముద్ర వేస్తాడు. నీటి సరఫరా పూర్తయిందని ఆ కాగితం. దాంతో ఊరి ఫిర్యాదు ఫైలు మూసేస్తారు.

"ఈ ట్యాంకులో నీళ్ళు అయిపోయాక?" అని మాతుమెలో అడిగింది.

పైపు లైను రెండో దశలో ఉందని, దానికి ఇంకా మంజూరు రావాలని లినేవో చెప్పింది. ముందు మొదటి దశ ముగించాలట, అది ముగియాలంటే కాగితం కావాలట. లెత్లాత్సా గడ్డి టోపీ చేతిలో తిప్పుకుంటూ విన్నాడు. ఏడు ఉత్తరాలు రాసిన మనిషి. ఏడింటికీ జవాబు లేదు. ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు కొండెక్కి వచ్చారు, అదే చాలుననుకునే స్థితికి వచ్చాడు. ముసలితనం కన్నా ఈ అలసటే అతన్ని ఎక్కువ వంచేసింది.

ఆ మధ్యాహ్నం బడి ముందు రిహార్సల్ పెట్టారు. ప్రోగ్రాం పేరు 'మన దేశం'. చరిత్ర, ఆర్థికం, ప్రజలు, అన్నీ కలిపి ఇరవై నిమిషాలు. లినేవో కాగితం చూసి చదువుతుంది, ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే ఒక్కొక్క వేషంలో ముందుకొచ్చి నిలబడాలి.

మొదట చరిత్ర. ఆకలి యుద్ధాల కాలంలో చెల్లాచెదురైన జనాన్ని మా రాజు ఒక్క బల్లపరుపు కొండ మీదికి చేర్చి ఎలా కాపాడాడో లినేవో చక్కగా చదివింది. ఆ కొండని చుట్టుముట్టి, ఎక్కలేక ఓడి, ఆకలితో తిరిగిపోతున్న శత్రువులకి దారిలో తినమని రాజు ఎడ్లను పంపించాడన్న చోట ఆ పిల్ల గొంతులో కూడా కొంచెం కదలిక వచ్చింది. ఆ కథ చిన్నప్పుడు విననివాళ్ళు మాలో ఎవరున్నారు? తర్వాతి పేరా మొదలుపెట్టి ఆగిపోయింది. పడమటి మైదానాలు, మంచి జొన్న పండే నేలంతా, తుపాకులతో వచ్చినవాళ్ళు ఎలా లాక్కున్నారో ఉంది అందులో. పెన్ను తీసి ఆ పేరా కొట్టేసింది.

"అదెందుకు తీసేశావమ్మా?" అన్నాడు వేషం కట్టడానికి వచ్చిన రాపెలాంగ్.

"అతిథులు అటువైపు వాళ్ళు నాయనా. బాగుండదు."

"తీసుకున్నప్పుడు బాగుందా?"

నలుగురూ నవ్వారు. లినేవో కూడా నవ్వేసి, పేజీ తిప్పింది.

ఆర్థికంలో మొదటి వేషం రాపెలాంగ్‌దే. పాతికేళ్ళు అవతలి దేశపు బంగారు గనుల్లో, భూమికి రెండు మైళ్ళ లోతున రాయి కొట్టి వచ్చాడు. ఊపిరితిత్తుల నిండా ఆ రాతిపొడే. ఇనుప టోపీ పెట్టుకుని పార భుజాన వేసుకుని ముందుకు రావాలి, అంతే. మూడడుగులు వేసేసరికి దగ్గు పట్టుకుంది. పార కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి దగ్గాడు. లినేవో ఓపిగ్గా ఆగింది. ఆగి, శుక్రవారం ఆ రెండు నిమిషాలూ దగ్గకుండా చూసుకోమని చెప్పింది. మందేమైనా కావాలంటే తెచ్చిస్తానంది. నిజంగానే తెచ్చిచ్చేదేమో కూడా. మాతుమెలోకి మాత్రం అక్కడే ఒళ్ళు మండటం మొదలైంది.

ఆ తర్వాత ఉన్నికి పెంచే అంగోరా మేకని పట్టుకుని ఒక కాపరి, మసేరు ఫ్యాక్టరీలో జీన్స్ ప్యాంట్లు కుట్టొచ్చిన మాపొంత్షో. మాపొంత్షో మాతుమెలో పక్కింటి మనిషి. ఫ్యాక్టరీ మూసేశాక తిరిగొచ్చి రెండేళ్ళయింది. మూసేసిన సంగతి చెప్పొద్దని ఆమెకి చెప్పారు. చివర్న నీళ్ళు. నీళ్ళ వేషం మాతుమెలోకి ఇచ్చారు. కుళాయి తిప్పాలి, బకెట్ నింపాలి, నెత్తిన పెట్టుకోవాలి, ఫోటోవాడి వైపు తిరిగి నవ్వాలి. మొహంలో కళ ఉందని లినేవో ఆమెని ఎంచుకుంది. ఎంచుకుని, కుళాయి తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చింది. గురువారం ఒక్కసారి తిప్పి చూడమంది.

మాతుమెలో తాళంచెవి కొంగున ముడేసుకుని లేచి, ఖాళీ బకెట్‌తో లోయలోకి దిగింది.

మంగళవారం ఆమె లోయలో ఉండగా జరిగింది అసలు పని.

జొన్న బీరు కాయడంలో మాతుమెలోని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఇది ఆమె చెప్పుకునే మాట కాదు, తాగినవాళ్ళ మాట. బీరు సిద్ధమైన రోజు గుడిసె పక్క పొడవాటి కర్రకి తెల్లజెండా కట్టేది. మా కొండల్లో ఎవరైనా అంతే. తెల్లది ఎగిరితే జొన్న బీరు, ఎర్రది ఎగిరితే మాంసం. రెండు కొండల అవతలివాడు కూడా జెండా చూసి బయల్దేరతాడు, నడిచో గుర్రమెక్కో. వచ్చినవాడికి ఉండి తీరాలి. అయిపోయిన క్షణాన దించేయాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు, కానీ దీన్ని తప్పిన మనిషి ముంగిట్లోకి మళ్ళీ ఎవరూ రారు. ఎనిమిది నెలలుగా మాతుమెలో కర్ర బోడిగానే ఉంది. లోయలో వాగు కూడా చిక్కిపోయాక నెత్తిన మోసిన నీళ్ళు సంకటికీ పిల్లల మొహాలకీ సరిపోతే గొప్ప, బీరుకి ఎక్కడినుంచి వస్తాయి? పులుపు తోడు మాత్రం చావనివ్వలేదు. చిన్న కుండలో అడుగున ఉంచి, వారానికోసారి గుప్పెడు పిండి, గ్లాసుడు నీళ్ళు పోసి బతికిస్తూ వచ్చింది. అత్తగారిచ్చిన తోడు అది. చస్తే మళ్ళీ అదే రుచి రాదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం బకెట్‌తో కొండెక్కి వస్తూ తలెత్తి చూస్తే తన ఇంటి మీద తెల్లజెండా ఎగురుతోంది. ఎండకి కళ్ళు చెదిరాయేమో అనుకుంది. దగ్గరికి వచ్చేకొద్దీ అది కొత్త గుడ్డ, మడతలు కూడా పోలేదు. ముంగిట్లో గుర్రాలున్నాయి. పది పన్నెండు మంది మగవాళ్ళు కంబళ్ళు కప్పుకుని, ఎవరి డబ్బా వాళ్ళు చేతిలో పట్టుకుని రాళ్ళ మీద కూర్చున్నారు.

మాపొంత్షో ఎదురొచ్చి సంగతి చెప్పింది. లినేవో ఫోటోవాణ్ణి తీసుకుని వచ్చిందట. కర్ర బోడిగా ఉంటే అందంగా లేదందట. జీపులోంచి గుడ్డ తీసి కట్టించి, ఫోటోలు తీయించుకుని, శుక్రవారం దాకా అలాగే ఉంచమని చెప్పి పోయిందట.

"బీరు లేకుండా జెండా ఏంటి పిల్లా అని నేను అడిగానక్కా. ఊరికే అలంకారానికి ఆంటీ, అంది."

అలంకారానికి. మాతుమెలో బకెట్ దించింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, లేదు నాయనా, పొరపాటు జరిగింది, అని చెప్పుకుంది. కొందరు గొణుక్కుంటూ గుర్రాలెక్కారు. ఒకడు, నీళ్ళు వచ్చాయిగా, ఇంక గొప్పవాళ్ళయిపోయారు, మాతో పనేముంటుంది, అని ఎత్తిపొడిచి పోయాడు. చివరికి ఒక ముసలాయన మిగిలాడు. రెండు కొండల అవతల నుంచి, కర్ర పట్టుకుని, జెండా కనబడగానే బయల్దేరి నడిచొచ్చాడు. ఆయన కోపం తెచ్చుకున్నా బాగుండేది.

"నీ జెండా కదా తల్లీ," అన్నాడు. "అబద్ధమాడదనుకున్నాను."

మాతుమెలోకి తల కొట్టేసినట్టయింది. బకెట్‌లోంచి నీళ్ళు ముంచి ఆయనకి ఇచ్చింది. ఆయన తాగి, డబ్బా తుడిచి సంచిలో పెట్టుకుని, వెళ్ళడానికి లేచాడు. ఐదేళ్ళు నీళ్ళు మోసినప్పుడు కూడా ఆమె ఏడవలేదు. మెడ పట్టేసినప్పుడు ఏడవలేదు, డ్యామ్ ఆఫీసు గేటు దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబెట్టి పంపేసినప్పుడూ ఏడవలేదు. ఊట తీసుకున్నారు, పోనీ. ఇప్పుడు ఆమె పేరు తీసుకుని, దాన్ని ఫోటోలో పూసలాగా గుచ్చుకుపోయారు.

జెండా దించింది. మడత పెట్టింది. ముసలాయన వెనకే నాలుగడుగులు వెళ్ళి ఆపింది.

"శుక్రవారం పొద్దున రండి నాయనా. కనబడ్డవాళ్ళకి చెప్పండి. జెండా మళ్ళీ ఎగురుతుంది, ఈసారి ఒట్టిది కాదు."

ఆయన తలూపి వెళ్ళాడు.

సాయంత్రం లినేవో ఫోన్ చేసింది. కింద రోడ్డు మీంచి చూశానని, జెండా ఎందుకు దించారని అడిగింది, శుక్రవారం తప్పకుండా ఉండాలని బతిమాలింది. ఎగరేస్తానని మాతుమెలో మాటిచ్చింది. ఆ పిల్ల సంతోషించి, థాంక్స్ ఆంటీ, అని పెట్టేసింది.

బుధవారం తెల్లవారగానే మాతుమెలో కొంగు ముడి విప్పి, కుళాయి తాళం తీసింది.

ఆమె పిలిస్తే రానన్నవాళ్ళు ఎవరూ లేరు. ఇంటికో బకెట్ ముందు పంచింది, మిగతా నీళ్ళు బీరుకని చెప్పింది. ఒక ఇల్లాలు కుళాయి కింద చేతులు పెట్టి, తాగకుండా, పట్టకుండా, కాసేపు ఊరికే తడుపుకుంది. వెనకవాళ్ళు కూడా తొందరపెట్టలేదు. తర్వాత ఎవరింట్లో ఉన్న జొన్నలు వాళ్ళు తెచ్చారు, గిన్నెడో చేటెడో. మొలకెత్తించి ఎండబెట్టి దాచుకున్న జొన్న మూడిళ్ళలో దొరికింది. రాపెలాంగ్ గనుల నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఇనుప పీపాలు రెండు దొర్లించుకొచ్చాడు, మూడోది బడి నుంచి తెచ్చారు. రెండు పీపాలు తోమడానికే గంట పట్టింది.

ఆడవాళ్ళు తిరగలి రాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చుని విసిరారు. ఎనిమిది నెలల తర్వాత ఊళ్ళో బీరు పిండి విసిరే చప్పుడు. మాతుమెలో పిడకల మంట మీద నీళ్ళు కాగబెట్టి పిండిలో పోసి, పొడవాటి తెడ్డుతో కలియబెట్టింది. ఎంత వేడిగా ఉండాలో ఆమె మోచెయ్యి చెబుతుంది. ముంచి చూసి, ఇంకొంచెం ఆగి, మళ్ళీ ముంచి చూసింది. అప్పుడు చిన్న కుండ తెచ్చి, అడుగున బతికించుకున్న తోడుని మూడు భాగాలు చేసి మూడు పీపాల్లోనూ వేసింది. ఒక చెంచాడు మాత్రం మళ్ళీ కుండలో వెనక్కి పెట్టింది. గోనెపట్టాలు కప్పి, పులవడానికి వదిలేసింది.

మధ్యాహ్నం లెత్లాత్సా గుర్రం మీద అటుగా వచ్చాడు. పీపాలు చూశాడు. తాళం తీసున్న కుళాయి చూశాడు. మాపొంత్షో భయంతో లేచి నిలబడింది. మాతుమెలో లేవలేదు, పిండి అంటిన చేతులు తుడుచుకోనూ లేదు.

"నాకు ఈ మధ్య కళ్ళు సరిగ్గా ఆనడంలేదు తల్లీ," అన్నాడు లెత్లాత్సా, గుర్రం దిగకుండానే. "దూరంవి కనిపిస్తాయి. దగ్గరవే కనిపించవు."

గుర్రం తిప్పుకుని వెళ్ళిపోయాడు. గంట తిరక్కుండా ఆయన ఇంటి నుంచి అర బస్తా జొన్నలు వచ్చాయి.

గురువారం పులిసిన పిండిని ఉడికించారు. రోజంతా పొగలోనే గడిచింది. అడుగంటకుండా ఇద్దరిద్దరు మార్చి మార్చి తెడ్డు తిప్పారు. ఉడికింది చల్లారాక మొలకల పిండి కలిపి మళ్ళీ కప్పేశారు. అప్పటికి ట్యాంకు తడితే డొల్లగా మోగుతోంది. అది విన్నాక మాపొంత్షోకి భయం పట్టుకుంది. రేపు వాళ్ళు కుళాయి తిప్పితే ఏమవుతుంది, పోలీసుల్ని పిలిస్తే ఎవరు సమాధానం చెబుతారు, నిన్ను జైల్లో పెడితే పిల్లలెవరి పాలవుతారు అని ఒకటే నస.

మాతుమెలో తెడ్డు ఆపకుండానే జవాబిచ్చింది.

"ఏమని పెడతారే జైల్లో? ఊళ్ళోకి వచ్చిన నీళ్ళు ఊళ్ళోవాళ్ళు వాడుకున్నారనా? వాళ్ళ కాగితంలో రాసుకున్నదీ అదే కదా."

మాపొంత్షో అవతలి తెడ్డు అందుకుంది.

శుక్రవారం పొద్దున్నే మాతుమెలో గడ్డితో అల్లిన పొడుగు జల్లెడ సంచిలో బీరు పోసి పిండి వడకట్టింది. బూడిద రంగులో, చిక్కగా, పైన నురుగుతో దిగింది. మా ఆనవాయితీ ప్రకారం కాచిన మనిషే ముందు తాగాలి. ఒక డబ్బా ముంచి తాగింది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఎనిమిది నెలలు వారానికో గ్లాసు పోసి పెంచిన పులుపు అది, ఎక్కడికీ పోలేదు. జెండా తెచ్చి, లినేవో తెచ్చిన ఆ కొత్త గుడ్డనే, కర్రకి కట్టి ఎత్తింది.

పదింటికల్లా కొండదారులన్నిటా మనుషులే. గుర్రాలు, గాడిదలు, నడిచొచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు ముందు మాతుమెలో ముంగిట్లో డబ్బా నింపుకుని తాగాకే డేరా వైపు నడిచారు. అతిథుల కార్లు నాలుగు వచ్చి ఆగేసరికి బడి ముందు వేసిన డేరా కిటకిటలాడుతోంది. లినేవో మొహం వెలిగిపోయింది. ఇంతమంది వస్తారని తను అనుకోలేదని, వాళ్ళ ఆఫీసుకి మంచి పేరని మాతుమెలో చెవిలో చెప్పి చెయ్యి నొక్కింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మాతుమెలోకి ఆ పిల్ల మీద ఒక్క క్షణం జాలి కలిగింది. మంగళవారం వచ్చిన ముసలాయన ముందు వరసలో, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని చూశాక జాలి పోయింది.

'మన దేశం' మొదలైంది. చరిత్ర అయింది. కొట్టేసిన పేరా దగ్గర లినేవో దాటేసి వెళ్ళబోతే, డేరాలో వెనక ఎవరో ఆ పేరా మొత్తం తాతల దగ్గర విన్నట్టుగా పైకే చెప్పేశారు. అవతలి దేశం అతిథులకి మా భాష రాదు కాబట్టి నవ్వుతూ తలలూపారు. ఆర్థికం వచ్చింది. రాపెలాంగ్ ఇనుప టోపీ పెట్టుకుని ముందుకొచ్చి, పార దించి, తీరిగ్గా దగ్గాడు. ఆ దగ్గు వచ్చినంతసేపూ దగ్గాడు, ఆపుకోవాలని చూడలేదు. లినేవో అంతసేపూ ఆగాల్సి వచ్చింది. అతిథుల్లో ముందు కూర్చున్న పెద్దాయన, బూడిదరంగు సూటువాడు, నవ్వు మానేసి నేల చూశాడు. మాపొంత్షో వంతు వచ్చినప్పుడు, ఈ ప్యాంటు కుట్టిన ఫ్యాక్టరీకి తాళం పడి రెండేళ్ళయిందని ఒక్క ముక్కే చెప్పి కూర్చుంది.

తర్వాత నీళ్ళు.

అందరూ లేచి కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఫోటోవాడు మోకాలి మీద కూర్చున్నాడు. లెత్లాత్సా కాగితం, ముద్ర చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. బూడిదరంగు సూటాయన, రాజధాని అధికారి చెరోపక్క. మాతుమెలో బకెట్ కింద పెట్టి, తాళం తీసి, కుళాయి మొత్తం తిప్పింది.

కుళాయి గాలి వదిలింది. రెండుసార్లు తుప్ మంది. బకెట్ అడుగున రెండు చుక్కలు పడ్డాయి. మళ్ళీ గాలి.

మాతుమెలో కుళాయి కట్టలేదు. ఆ గాలి చప్పుడు అందరికీ వినపడనిచ్చింది. లినేవో పరిగెత్తి ట్యాంకు తట్టింది, మూత ఎత్తి లోపల చూసింది. పరుగునే మాతుమెలో దగ్గరికి తిరిగొచ్చింది.

"ఆంటీ, వెయ్యి లీటర్లు. వెయ్యి లీటర్లు ఏమయ్యాయి?"

"ఇంటికో బకెట్ పంచాం. మిగతావి అక్కడ ఉన్నాయి," అని మాతుమెలో జెండా వైపు చూపించింది. "అది అబద్ధమాడకూడదమ్మా. నువ్వు కట్టావు. అది నిజం చెయ్యడానికి ఆ నీళ్ళు పట్టాయి."

రాజధాని అధికారి గొంతు తగ్గించి, పళ్ళ బిగువున, లెత్లాత్సాతో మాట్లాడాడు. కుళాయి ఉంది, పైపు ఉంది, ట్యాంకు ఉంది, నీళ్ళు ఎవరో దుబారా చేస్తే ఆఫీసు తప్పు కాదు, ముద్ర వెయ్యమన్నాడు. మళ్ళీ లారీ పంపిస్తామన్నాడు. ఊరంతా ఆ ముసలి చేతుల వైపే చూస్తోంది. మాతుమెలోకి అప్పుడు వచ్చింది భయం. మూడు రోజుల్లో మొదటిసారి. ఆ ముద్ర పడితే బీరు బీరే, జెండా జెండానే. ఫైలు మూసుకుపోతుంది, ఆమె బతికినంతకాలం లోయలోకి దిగుతూనే ఉంటుంది, ఆమె తర్వాత ఆమె కూతురూ దిగుతుంది.

లెత్లాత్సా కాగితం కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టి చూశాడు.

"ఇందులో నీళ్ళు అని ఉంది నాయనా," అన్నాడు. "కుళాయి అని లేదు."

ముద్ర కంబళి లోపలికి, ఎదమీది జేబులోకి పోయింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అధికారి చేతికి తిరిగిచ్చాడు. ఎనిమిదో ఉత్తరం రాయడానికి ఆయనకి మళ్ళీ ఓపిక వచ్చినట్టు నడుం కొంచెం లేచింది. ఊరికి ఫిర్యాదు ఇంకా ఉందనీ, ఆ ఫైలు తెరిచే ఉంచమనీ అందరికీ వినపడేలా చెప్పాడు.

అతిథులు కార్ల వైపు నడిచారు. వాళ్ళకోసం రాజధాని నుంచి తెచ్చిన భోజనం డబ్బాలు విప్పకుండానే మళ్ళీ ఎక్కించారు. లినేవో చివరి జీపులో, కాగితాల కవరు ఒళ్ళో పెట్టుకుని, ఎటూ చూడకుండా కూర్చుంది. డేరాలోంచి ఎవరో ఈల వేశారు. ఇంకొకడు మట్టిబెడ్డ తీశాడు. మాతుమెలో వాడి చెయ్యి పట్టుకుని కిందికి వంచి, ముంగిట్లోకి గబగబా వెళ్ళింది. నల్లటి మట్టికుండ ఒకటి నిండా ముంచి నెత్తిన పెట్టుకుని, కదులుతున్న జీపుకి అడ్డంగా వచ్చి నిలబడింది. డ్రైవర్ బ్రేక్ వేశాడు.

కుండ దించి, ముందు తను ఒక గుక్క తాగింది. తర్వాత కిటికీలోంచి లినేవో ఒళ్ళో పెట్టింది. ఆ పిల్ల రెండు చేతులతో పట్టుకుంది, పట్టుకోకపోతే ఒలికిపోతుంది కాబట్టి. కోపంగా ఏదో అనబోయి, ఆ వాసనకి ఆగిపోయింది. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో కూడా ఎప్పుడో ఈ వాసన ఉండే ఉంటుంది.

"ఇదెందుకు ఆంటీ నాకు?" అంది.

"కొండని చుట్టుముట్టి, గెలవలేక, ఆకలితో తిరిగిపోతున్నవాళ్ళకి మన రాజు ఎడ్లు పంపించాడని నువ్వే కదమ్మా చదివావు," అంది మాతుమెలో. "మా దగ్గర ఎడ్లు లేవు."

జీపు మెల్లగా కొండ దిగింది. మాతుమెలో వెనక్కి తిరిగి వచ్చేసరికి ముసలాయన డబ్బా చాచి కూర్చుని ఉన్నాడు. మూడో పీపా ఇంకా సగం ఉంది, అందుకని జెండా దించలేదు.